మూడు మూరల కోపం

ఏటిపాలెంలో పొద్దున్నే నీళ్ళకు పోయే ఆడవాళ్ళు మైమూనా దడి దగ్గర కాస్త ఆగి, లోపలికి తొంగి చూసి మరీ పోయేవాళ్ళు. అప్పటికే ఆమె వాకిలి ఊడ్చుకుని, రాత్రి నానేసిన జనపనారను పిండి, ఈతచాప మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. నార పాయలు రెండు తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే పురి ఎక్కేది. ఆమె మొహం నవ్వుతూ ఉంటే చూసినవాళ్ళు ఇంటికెళ్ళి "ఇయాళ బానే ఉంది" అని మగవాళ్ళకు చెప్పేవాళ్ళు. అప్పుడు మగవాళ్ళు వచ్చి పలుపో పగ్గమో కావాలని అడిగేవాళ్ళు.

ఎందుకంటే తాడు పేనేటప్పుడు మైమూనా ఏ బుద్ధిలో ఉంటే ఆ బుద్ధి తాడుకు వచ్చేది. వేపాకు చేదని ఒకరు చెప్పాలా, ఇదీ అంతే. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మొగుడు మౌలాలీతో మాటామాటా పెరిగిన పూట పేనిన పగ్గాన్ని ఒకాయన ఎడ్లకు కట్టి గురజాల తోలుకుపోతే, ఆ ఎడ్లు నడిబజార్లో ఒకదాని మొహం ఒకటి చూడకుండా నిలబడిపోయాయి. సాయంత్రందాకా బండి కదలలేదు. ఇంకోసారి జ్వరంలో పేనిన చేంతాడుతో తోడిన నీళ్ళు ఎంతసేపటికీ చల్లారేవి కావు. అదే నవ్వుతూ పేనిన తలుగు కట్టారా, తన్నే గేదె కూడా చెంబు నిండా పాలిచ్చేది. కారెంపూడి సంతలో ఆమె తాళ్ళ కోసం నైజాం గడ్డ మీది రైతులు కూడా ఏరు దాటి వచ్చేవాళ్ళు.

అందుకని ఊరు ఒక కట్టుబాటు పెట్టుకుంది. మైమూనా చేతిలో నార ఉండగా ఆమెకు చెడ్డకబురు చెప్పకూడదు, ఆమె ముందు పోట్లాడకూడదు. పక్కింటి పార్వతమ్మ దీనికి కాపలా. ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తుంటే దడి అవతలే ఆపేసేది. ఈ కట్టుబాటు ఎంతదాకా పోయిందంటే, మైమూనా తల్లి కారెంపూడిలో చనిపోతే ఆ సంగతి నాలుగోనాడు చెప్పారు. అప్పుడు పడవ లంగరుకు పెద్ద మోకు పేనుతోంది, అది సగంలో ఉంది. తల్లి మట్టికి కూడా అందలేదు. మోకు మాత్రం బంగారంలా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. మైమూనా కూడా "పోన్లే" అని నవ్వింది. నవ్వడం కూడా ఆమెకు ఒక పనైపోయింది. మౌలాలీ పోయాక, ఒక్క కూతురు గుల్షన్‌ను అవతలి ఒడ్డున పెళ్ళి చేసి పంపాక, ఆ నవ్వు తీసి పక్కన పెట్టడానికి కూడా ఆమెకు సందు దొరకలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు రేవు పాటదారు వెంకట్రామయ్య ఏటిపాలెం పడవకు మోటారు పెట్టించాడు. పటాలాలు వదిలేసిన సామాను బెజవాడలో వేలం వేస్తుంటే పోయి కొనుక్కొచ్చాడు. దాన్ని నడపటానికి యేసుపాదం అనే మనిషిని పెదకూరపాడు వైపు నుంచి పిలిపించాడు. యుద్ధంలో లారీల కింద పడుకుని పడుకుని మోటార్ల కడుపులో ఏముందో తెలిసిన మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. ఊరికి కొత్త గనక అందరినీ వరసలు కలిపి పిలవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

పడవ వెనక తగిలించుకునే రకం మోటారు అది. నెత్తిన పళ్ళెమంత చక్రం, చక్రం అంచున గాడి, గాడిలో ఒక నొక్కు. తాడు చివరి ముడిని ఆ నొక్కులో ఇరికించి, గాడిలో మూడు చుట్లు చుట్టి, రెండో చివరనున్న కర్రపిడి పట్టుకుని ఒక్క గుంజు గుంజితే చక్రం గిర్రున తిరిగి మోటారు అందుకునేది. తాడు ఊడి చేతికొచ్చేది. రోజుకు పదిసార్లు గుంజితే ఏ తాడు మాత్రం ఆగుతుంది? నొక్కు అంచుకు ఒరుసుకుని ముడి దగ్గర పీచు లేచేది. యేసుపాదం ఆ పీచు కోసేసి, తేనెమైనం రుద్ది, కొత్త ముడి వేసేవాడు. వేసినప్పుడల్లా తాడు నాలుగు వేళ్ళు పొట్టిదయ్యేది. చివరికి ఒక్క చుట్టుకు కూడా చాలని స్థితికి వచ్చి, శ్రావణమాసంలో కృష్ణ ఎర్రగా పొంగి పారుతున్న రోజున పుటుక్కున తెగింది. యేసుపాదం వెల్లకిలా పడ్డాడు. ఆ వరదలో తెడ్లూ గడలూ పనికిరావు. రేవు ఆగిపోయింది.

వెంకట్రామయ్య దడి దగ్గరికొచ్చి, ముందు మైమూనా మొహం చూసి, తర్వాత సంగతి చెప్పాడు. చిటికెన వేలు లావున మూడు మూరల తాడు. చిన్నపనే. ఆమె మూడు పాయలు తీసి, పురి పెట్టి, ఎదురుపురితో కలిపి, మైనం రుద్ది మధ్యాహ్నానికల్లా ఇచ్చేసింది. ఎప్పటిలా హాయిగా కూనిరాగం తీస్తూ పేనింది.

యేసుపాదం దాన్ని చుట్టి గుంజాడు. చక్రం ఉయ్యాల ఊగినట్టు మెల్లగా తిరిగి ఆగింది. మోటారు ఆవులించినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది. ప్లగ్గు విప్పి తుడిచాడు, పెట్రోలు మార్చాడు, భుజాలు పడిపోయేదాకా గుంజాడు. ఊహూఁ.

తాడు ఇంకాస్త శాంతంగా ఉండాలేమోనని వెంకట్రామయ్యకు అనుమానం వచ్చింది. మరి ఆ ఊళ్ళో తాడు చెడితే వచ్చే అనుమానం అదొక్కటే. రెండో తాడుకు ఆమెకు జున్ను వండించి పంపాడు. అది మొదటిదానికన్నా నెమ్మది. మూడో తాడుకు ఇంకా పకడ్బందీ చేశాడు. ఆ వీధిలో కుక్కలను మొరగకుండా తరిమేయించాడు. రోజూ కొట్టుకునే మొగుడూపెళ్ళాలను నాలుగురోజులు అత్తగారింటికి పోయి కొట్టుకోమని సాగనంపాడు. ఆ మూడో తాడు ఎంత చల్లని తాడంటే, దాన్ని చేతిలో పట్టుకున్న యేసుపాదం పడవ అంచున కూర్చునే కునుకు తీశాడు. తొమ్మిది రోజులైంది. ఇవతలివాళ్ళు ఇవతల, అవతలివాళ్ళు అవతల ఉండిపోయారు.

మైమూనా ఇంటి వాకిట్లోంచి ఏరు బాగా కనిపిస్తుంది. అవతలి రేవులో బాటసారులు తలదాచుకునే పాక ఒకటుంది. ఆ తొమ్మిది రోజులూ పాక లోంచి పొగ లేస్తోంది. అదెవరని మైమూనా అడిగితే, ఎవరో ముసలి ఫకీరు అక్కడ చిక్కుకుపోయాడని పార్వతమ్మ చెప్పింది. వరదలో ఆ ముసలాయన ఏం తింటున్నాడోనని మైమూనా రోజూ జాలిపడేది. నమాజులో ఆయన కోసం కూడా రెండు మాటలు వేడుకునేది.

పదోరోజు పొద్దున యేసుపాదం వచ్చాడు. పార్వతమ్మ గేదెను కడగటానికి పోయిన అదను అది. అరుగు కింద కూర్చుని, నాలుగో తాడుకు నార చిక్కు తీస్తున్న ఆమెను కాసేపు చూశాడు.

తాడు ఇవ్వటమే గాని అది పోయి కలిసే మోటారు ఎట్లాంటిదో తనను ఎవరూ అడగనివ్వలేదని, దాని బుద్ధి ఏమిటో చెప్పమని మైమూనా అడిగింది.

"మొండిది పిన్నమ్మా" అన్నాడు. "బతిమిలాడితే లేవదు. ఒక్క కుదుపుతో లేపాల. నీ తాళ్ళు దాన్ని జోకొడుతున్నయ్యి."

"మరి ఎట్టాంటి తాడు కావాలంటావు?"

"కోపంగా ఉండే తాడు."

మైమూనా పకపకా నవ్వింది. కోపం తన దగ్గర ఎక్కడుందని, ఉన్నదంతా గురజాల బజారులో ఆ ఎడ్లకే ఇచ్చేశానని చెప్పింది. యేసుపాదం నవ్వలేదు. ఏటి అవతల లేస్తున్న పొగ వంక చూశాడు, మళ్ళీ ఆమె వంక చూశాడు. ఊరి కట్టుబాటును తొమ్మిది రోజులు మోశాడు, ఇక చాలనుకున్నాడు.

"ఆ పొగ ఫకీరుది కాదు పిన్నమ్మా. అక్కడుంది నీ గుల్షన్."

మిగతాది తల దించుకుని చెప్పాడు. ఏడో నెల నిండగానే, తొలికాన్పుకు పుట్టింటికి తీసుకుపొమ్మని గుల్షన్ కబురు పంపింది. అది ఏరువాక ముందు రోజులు, ఊరందరికీ తాళ్ళు కావాలి. కబురు వెంకట్రామయ్య దగ్గర ఆగిపోయింది. ఎనిమిదో నెలలో మళ్ళీ పంపింది, అది పార్వతమ్మ దగ్గర ఆగింది. మూడోసారి కబురు పంపకుండా, నిండు నెలలతో, మొగుడి మేనత్తను తోడు తీసుకుని తనే బయల్దేరింది. వాళ్ళు అవతలి రేవుకు చేరేసరికి పడవ అప్పుడే ఒడ్డు వదిలి ఇవతలికి వస్తోంది. పడవలోవాళ్ళు గుల్షన్‌ను గుర్తుపట్టారు. తర్వాతి దాటింపులో తెద్దామనుకుంటే తాడు తెగింది. ముందు కృష్ణ, వెనక పొంగిన వాగు. పాకలోనే ఉండిపోయారు. తాడు కుదరగానే పడవ పోతుంది, పిల్ల వస్తుంది, అప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబితే తాడు చెడుతుంది అని వెంకట్రామయ్య అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. యేసుపాదం దగ్గర కూడా.

మైమూనాకు మొదట నవ్వే వచ్చింది. ఇరవై ఏళ్ళ అలవాటు అది, అంత తొందరగా పోతుందా? పెదాలు సాగి అట్లాగే ఉండిపోయాయి. కోపం తెచ్చుకోవటం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. రోజూ తాను జాలిపడ్డది తన కడుపున పుట్టినదాని మీదేనని, ఆ పిల్ల అమ్మ రాలేదనుకుంటూ ఆ ఒడ్డున కట్టెలు ఊదుకుంటోందని తలకెక్కేసరికి అరికాళ్ళ నుంచి ఒక మంట లేచింది. అది మోకాళ్ళకొచ్చింది, కడుపులోకొచ్చింది. ఆమెకు చచ్చేంత కోపం వచ్చింది. చేతిలో నార చిటచిటమంది.

పార్వతమ్మ తడిచేతులతో వచ్చి, వాళ్ళిద్దరి మొహాలూ చూసి సంగతి కనిపెట్టేసింది.

"నీ మంచికేనే" అంది ఏడుపు గొంతుతో. "తాడు కుదిరితే పడవ పోయిద్ది, పిల్ల వచ్చిద్ది అనుకున్నాం."

"మా అమ్మ పోయినప్పుడు కూడా నా మంచికే అన్నావక్కా" అంది మైమూనా. "నా మంచి ఎప్పుడూ మీకు తెలిసినంతగా నాకు తెలియనీలా మీరు."

నార కట్ట చంకన పెట్టుకుని, నడుముకు కొంగు బిగించి రేవుకు నడిచింది. నానేసిన నార కాదు, ఎండునారే పట్టుకుపోయింది. పడవకెదురుగా రాతిగుండు మీద అందరూ చూస్తుండగా కూర్చుంది. ఏటిపాలెంలో ఆమె దడి దాటి తాడు పేనటం ఎవరూ ఎరగరు. చూస్తుండగానే రేవు నిండిపోయింది. వెంకట్రామయ్య ఒక చేత్తో పంచె ఎగగట్టుకుని, ఇంకో చేత్తో మజ్జిగ చెంబు పట్టుకుని పరుగున వచ్చాడు.

"చెల్లెమ్మా, ముందీ మజ్జిగ తాగు. కోపంలో నార ముట్టుకోమాక. ఆ తాడుతో పడవకేమన్నా అయితే ఊరంతా మునిగిద్ది."

మైమూనా తల ఎత్తలేదు. పాయ తోస్తూనే మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు గాని, రేవు చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది.

"ఇరవై ఏళ్ళు మీ ఎడ్ల కోసం నవ్వానన్నా. మీ బావుల కోసం, మీ గేదెల కోసం నవ్వా. మా అమ్మను నేను లేకుండానే మట్టిలో పెట్టొచ్చి నా చేత మోకు పేనించుకుంటే అప్పుడూ నవ్వా. ఇప్పుడు నా బిడ్డ నిండు కడుపుతో ఆ ఒడ్డున కూకోనుంటే కూడా మీ తాడు కోసం నవ్వమంటారా? నవ్వను. ఈ నార నాది. దీంట్లోకి పోయే కోపమూ నాదే. ఎవరికీ ఇవ్వను."

వెంకట్రామయ్య చేతిలో మజ్జిగ ఎటు పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

మొదటి రెండు పాయలు పేనుతున్నంతసేపూ మైమూనా తిడుతూనే ఉంది. తల్లి సంగతి తిట్టింది, దాచిన కబుర్లు తిట్టింది, జున్ను తిట్టింది. ఫకీరని నమ్మిన తన బుద్ధిని కూడా వదల్లేదు. మాటలు నార సందుల్లోకి దూరి, పురితో పాటు బిగుసుకుపోయాయి. మూడో పాయకొచ్చేసరికి తిట్లు అయిపోయాయి. పళ్ళ బిగువున పేనింది. ఎండునార కోసుకుని అరచేయి నెత్తురైంది. మూడు పాయలూ కలిపి ఎదురుపురి పెట్టినప్పుడు తాడు ఆమె ఒళ్ళో బుసకొట్టి లేచి, మెడ మీద చరిస్తే మళ్ళీ దిగింది. మైనం రుద్దబోతే మైనం కరిగి కారిపోయింది. దానికి మైనం అక్కర్లేదు. ముడి వేసి, కర్రపిడి కట్టి లేచింది.

వెంకట్రామయ్య ధైర్యం చేసి, ఎంతైనా రేవు తనది గనక, తాడు చూస్తానని చేయి చాపాడు. పట్టుకున్నవాడు వెంటనే వదిలేశాడు. అరచేయంతా గోరింటాకు పండినట్టయింది.

పడవ తనదని, ఇంత వరదలో ఇట్లాంటి తాడుతో దాన్ని కదలనివ్వనని అతను లంగరు మోకును రెండు చేతులా పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాడు. అది మైమూనా తల్లి చావు దాచిన ఆ నాలుగు రోజుల్లో పేనిన మోకే. ఊరు మొత్తం వచ్చి లాగినా తెగేది కాదు. మైమూనా అప్పటికే పడవలోకి దిగింది. యేసుపాదం చుక్కాని పట్టుకున్నాడు. అప్పుడు జనంలోంచి పార్వతమ్మ వచ్చింది. గడ్డి కోయటానికి నడుముకు దోపుకున్న కొడవలి తీసి, వెంకట్రామయ్య చేతులకు రెండు జానల అవతల మోకును పరపరా కోసేసింది. వెంకట్రామయ్య తెగిన ముక్కతో బురదలో కూలబడ్డాడు. ఆయన్ను లేపటానికి కూడా ఎవరూ పోలేదు, అందరూ ఏటివైపే చూస్తున్నారు.

యేసుపాదం తాడు చుట్టబోతే మైమూనా అతని చేయి తోసేసింది. ముడి నొక్కులో ఇరికించింది, మూడు చుట్లు చుట్టింది, కర్రపిడి పట్టుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజింది.

పది రోజులు నిద్రపోయిన మోటారు ఒక్క అరుపు అరిచి లేచింది. రేవులోని కొంగలన్నీ లేచిపోయాయి. వరదలో ఏ పడవైనా ఎగువకు పోయి, అక్కణ్ణుంచి వాలుగా దిగుతూ దాటాలి. ఆ రోజు పడవ అట్లా పోలేదు. ఇంటి ముందు ముగ్గుగీత గీసినట్టు నేరుగా పోయింది. వరద మీద కొట్టుకొచ్చే చెట్లు దాన్ని చూసి పక్కకు జరిగాయి. మైమూనా తాడును పిడికిట్లోంచి వదల్లేదు. ఆమెకు భయం వేయలేదు. భయపడటానికి ఒంట్లో చోటు మిగల్లేదు.

పాకలో గుల్షన్ గుంజను పట్టుకుని మోకాళ్ళ మీద ఉంది. తెల్లవారుజామునే నొప్పులు మొదలయ్యాయని మేనత్త చెప్పింది. చెంపలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం పెద్దవై ఉన్నాయి. గుమ్మంలో తల్లి నీడ పడగానే ఆ కళ్ళు మండాయి.

"ఎన్ని కబుర్లు పంపా?" అంది. "నీకు నాకన్నా తాళ్ళే ఎక్కువయినయ్యామ్మా?"

ఎవరు దాచారో ఏం జరిగిందో చెప్పటానికి మైమూనాకు మాట నోటిదాకా వచ్చింది. చెప్పుకునే వేళ కాదది. పైగా ఆ పిల్ల కోపం న్యాయమైనది, దాన్ని చల్లార్చే పని తనది కాదు అనిపించింది. వంగి కూతురి చంకల కింద చేతులు వేసింది.

"తిట్టవే" అంది. "ఎంతుంటే అంత తిట్టు. పడవెక్కి తిట్టు."

ఇక్కడే కానిద్దాం, ఇంత ఏటి మీద ఎట్లా అని మేనత్త బతిమిలాడింది. గుల్షన్ వినలేదు. మూడు నెలలుగా అమ్మ ఇంటికే పోతానని అన్నదాన్ని, అమ్మ వచ్చి ముందు నిలబడితే పోకుండా ఉంటానా అంది. ముగ్గురూ కలిసి ఆమెను పడవలో గోనెల మీద కూర్చోబెట్టారు. మైమూనా తాడు చుట్టింది. నెత్తురు చేయి జారి పిడి పట్టు దొరకలేదు. ఒకసారి జారింది, రెండోసారీ జారింది.

"ఇటియ్యి" అని గుల్షన్ పిడి లాక్కుంది. అప్పుడే నొప్పి వచ్చింది. తల్లిని, రేవును, మూడు నెలలనూ కలిపి ఒకే అరుపులో తిట్టి గుంజింది. మోటారు అందుకుంది.

ఏటి నడిమికి వచ్చేసరికి బిడ్డ ఆగలేదు. ఇవతల ఇంగ్లీషువాడి గట్టు, అవతల నైజాం గట్టు, రెండింటికీ సరిసమానమైన దూరంలో ఆడపిల్ల పుట్టింది. యేసుపాదం మొహం అటు తిప్పుకుని ఏటికి మాత్రమే కళ్ళిచ్చి చుక్కాని నడిపాడు. మైమూనా నార కోసే చాకు తీసి మోటారు వేడికి కాచింది. బొడ్డు ముడి వేయటానికి పోగు కావాలి. ఆమె చేయి తాడు మీదికి పోయింది. కొసన లేచిన పీచులోంచి సన్నటి పోగు ఒకటి లాగింది.

యేసుపాదానికి అర్థమై, వెనక్కి తిరక్కుండానే భుజం మీది తువ్వాలు తీసి చాపాడు.

"ఆ తాడుది వద్దు పిన్నమ్మా. పిల్లకు ఆ గుణం అంటుకుంటది. దీంట్లో పోగు తీసుకో."

మెత్తటి పాత తువ్వాలు అది. దాని పోగుతో కడితే పిల్ల అందరు పిల్లల్లాగే పెరుగుతుంది. ఊరుకోమంటే ఊరుకుంటుంది, చెప్పింది నమ్ముతుంది. బంగారంలాంటి పిల్ల అని ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు ఎట్లా ఉంటుందో మైమూనాకు తెలుసు. గుల్షన్ వంక చూసింది. గుల్షన్ గోనెల మీద వెల్లకిలా పడుకుని, చెమటలో తడిసి, తల్లి కళ్ళలోకి సూటిగా చూస్తూ తల ఊపింది.

"అంటుకోనీ" అంది మైమూనా, ముడి బిగించింది.

ఆ ముడితో పిల్ల ఏడుపు అందుకుంది. మోటారు చప్పుడు దాని కింద వినపడలేదు. ఒడ్డు చేరాక మోటారు ఆపేశారు, పిల్ల ఆపలేదు. గుల్షన్‌ను మంచం మీద మోసుకుని పుట్టింటికి చేర్చారు. వేన్నీళ్ళు పోశారు, తేనె నాకించారు, ఊచారు, పాడారు. రొమ్ము నోట్లో పెడితే పిల్ల మొహం తిప్పుకుంది. కాన్పులు చేయటంలో కాకలు తీరిన ముసలమ్మలు చేతులెత్తేశారు. మధ్యాహ్నం దాటింది.

పార్వతమ్మ తన వంతు వచ్చి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఆ చిన్న నోరు, ఆ ఎర్రటి గొంతు చూస్తుంటే ఆమెకు ఇక ఉండబట్టలేదు.

"రెండో కబురు నేనే దాచా తల్లీ" అంది పిల్ల చెవిలో. "మీ అమ్మమ్మ అడిగితే ఫకీరని చెప్పింది కూడా నేనే."

పిల్ల టక్కున ఊరుకుంది. తడికళ్ళతో పార్వతమ్మను చూసి, ఒక వెక్కు వెక్కింది. పక్కావిడ చేతిలోకి పోగానే మళ్ళీ అందుకుంది. ఆ పక్కావిడ కాసేపు తటపటాయించి, రోజూ పొగ చూస్తూ కూడా నోరు మూసుకుని నీళ్ళకు పోయానని చెప్పింది. పిల్ల ఊరుకుంది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. దడి దగ్గర వరస కట్టారు. ఒక్కొక్కరే వచ్చి, తాము దాచింది చెప్పి, పక్కకు తప్పుకున్నారు. గుల్షన్ మంచం మీద నుంచి అన్నీ విన్నది. వింటూ ఉండగా చేయి చాపి తల్లి చేతిని పట్టుకుంది, నెత్తురు గడ్డకట్టిన అరచేతిని తన అరచేతిలో పెట్టుకుంది.

వెంకట్రామయ్య వరసలో అందరికన్నా వెనక ఉన్నాడు. రెండుసార్లు ఇంటి దారి పట్టాడు గాని, పిల్ల ఏడుపు ఊరి చివరిదాకా వినపడుతుంటే ఎక్కడికని పోతాడు? బురద ఎండిన పంచెతో వచ్చి నిలబడ్డాడు.

"మొదటి కబురు దారిలో యాడో తప్పిపోయిందమ్మా" అన్నాడు.

పిల్ల నీలమెక్కేలా ఏడ్చింది. ఆయన ఎర్రబడ్డ అరచేయి చూసుకున్నాడు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"తప్పిపోలా. నాకే వచ్చింది. తాళ్ళు చెడతాయని నేనే తొక్కిపెట్టా."

పిల్ల ఊరుకుంది. పోన్లే అన్నా అని మైమూనా అంటుందేమోనని అందరూ ఆమె మొహం వంక చూశారు. ఆమె అనలేదు, నవ్వనూ లేదు. లేచి పిల్లను తీసుకెళ్ళి గుల్షన్ పక్కన పడుకోబెట్టింది. పిల్ల నోరు తెరిచి పాలు అందుకుంది.